టైపు సార్ అడిగి పెట్టిన తారీఖులు

టైపు సార్ పోయారన్న కబురు నాకు మలక్‌పేట నుంచి చాంద్రాయణగుట్ట వెళ్లే బస్సులో అందింది. మా కాలేజీ అటెండరు ఫోను చేశాడు. "మేడమ్, టైపు సార్ పొద్దున నమాజు చదువుకొని జర సేపు పండుకున్నరట. మళ్ల లేవలే. మధ్యాన్నం జోహర్ నమాజు అయినంక జనాజా తీస్తరు. బార్కస్‌ల ఇంటికాడనే ఉన్నరు," అని చెప్పి, నేనేమీ అనకముందే పెట్టేశాడు. అతను ఇంకా చాలామందికి చెప్పాల్సి ఉంది. నా పక్క సీటులో కొత్తిమీర కట్టలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావిడ, "ఏమైందమ్మా, మొఖం గట్లయింది?" అని అడిగింది. మా సార్ పోయారన్నాను. "చదువు చెప్పినాయననా?" అంది. అవుననాలో కాదనాలో తేల్చుకునేసరికి ఆవిడ దిగే స్టాపు వచ్చేసింది.

మీకు ఆయన తెలిసే అవకాశం లేదు. పుస్తకాలు రాసిన మనిషి కాదు, సభల్లో మాట్లాడిన మనిషీ కాదు. చాంద్రాయణగుట్ట చౌరస్తా దాటాక, మెయిన్ రోడ్డు నుంచి రెండు మలుపులు లోపలికి వెళ్తే వచ్చే ఒక మామూలు డిగ్రీ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ చూసుకునేవారు. లెక్చరర్ కూడా కాదు. నేను అదే కాలేజీలో స్టాటిస్టిక్స్ చెబుతాను. హోదా లెక్కన చూస్తే ఆయన నాకంటే రెండు మెట్లు కింద. నాకు పని నేర్పినవాళ్ల వరసలో మాత్రం ఆయనే ముందు.

టైపు సార్ అన్న పేరు తొంభైల నాటిది. అప్పట్లో చౌరస్తాలో మందుల షాపు పైన, మొదటి అంతస్తులో, ఆయనకు పన్నెండు మిషన్ల టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. లోయర్, హయ్యర్ పరీక్షలకు కట్టిన పిల్లలతో పొద్దున ఆరింటి నుంచే టకటకలాడుతూ ఉండేదట. అన్ని ఇన్‌స్టిట్యూట్లలోనూ ప్రాక్టీసుకు ఒకే ఉత్తరం తిరుగుతూ ఉంటుంది. ఏదో ఊళ్లో ఎవరో ఒకాయన తమ వీధికి కుళాయి వేయించమని అధికారికి పెట్టుకున్న అర్జీ. బ్యాచి వెనక బ్యాచి దాన్నే కొట్టి కొట్టి పరీక్షకు పోతారు. ఈయన మాత్రం ప్రతి బ్యాచికీ ఆ ఉత్తరాన్ని తిరగరాసేవారు. ఈసారి వచ్చినవాళ్లలో ఎవరి గల్లీలో నీళ్లు రావడం లేదో అడిగి, ఆ గల్లీ పేరు, ఆ ఇంటి నంబరు, అక్కడి గోస అందులో పెట్టేవారు. ఒకసారి ఒక అమ్మాయి ఒక్క తప్పు లేకుండా కొట్టిన ఉత్తరాన్ని చూసి ముచ్చటపడి, స్టాంపు అంటించి నిజంగానే పోస్టు చేయించారట. నాలుగు నెలలకు ఆ గల్లీకి కుళాయి వచ్చింది. "ఆ పిల్లకు నౌకరీ ఇంక రాలే గని మేడమ్, నల్లా వచ్చింది," అని చెప్పి పడీపడీ నవ్వేవారు.

వేళ్లకు అలవాటు కావడమే కదా కావలసింది, ఉత్తరం మార్చడం ఎందుకు సార్, అని నేనోసారి అడిగాను. "కార్బన్ పెట్టి కొట్టినా కింది కాయితం కొత్తదే గద మేడమ్," అన్నారు. ఆ మాట నాకు అప్పుడు బొత్తిగా ఎక్కలేదు. పెద్దవాళ్లు ఏదో అంటారులే అని తలూపి నా పీరియడ్‌కు వెళ్లిపోయాను.

కంప్యూటర్లు వచ్చాక టైపుకు పిల్లలు తగ్గిపోయారు. మిషన్లు ఒక్కొక్కటే మెట్లు దిగి వెళ్లిపోయాయి. మా కాలేజీ కొత్తగా ల్యాబ్ పెట్టుకుని, నమ్మకమైన మనిషి కోసం చూస్తుంటే ఎవరో ఆయన పేరు చెప్పారు. ఆ వయసులో చేతిలో చిన్న నోటుబుక్కు పట్టుకుని, పిల్లల పక్కన బెంచీ మీద కూర్చుని కంప్యూటర్ నేర్చుకున్నారట. టైపు అలవాట్లు మాత్రం పోలేదు. కీబోర్డును మిషన్‌లాగే గట్టిగా బాదేవారు, అందుకని ఆయన టేబుల్ మీది కీబోర్డు ఆరు నెలలకోసారి మారేది. లైను అయిపోగానే ఎడమ చెయ్యి దానంతటది గాల్లోకి లేచి, తొయ్యడానికి అక్కడ టైపు మిషన్ క్యారేజీ లేదని తెలిసి కిందికి వచ్చేది. మానిటర్లకు దుమ్ము పట్టకుండా ఇంట్లో వాళ్లావిడ చేత పాత దుప్పట్లతో తొడుగులు కుట్టించి తెచ్చారు. ఒక్కొక్కటి ఒక్కో రంగు. సాయంత్రం ల్యాబ్ మూసే ముందు వాటిని ఒక్కొక్కటిగా తొడుగుతూ, అన్నిటినీ నిద్రపుచ్చినట్టే ఏదో గొణుక్కునేవారు.

నేను ఆ కాలేజీలో చేరిన ఏడాదే ప్రిన్సిపాల్ గారు ఎక్కడో ఏదో సెమినార్‌కు వెళ్లి కోర్సు సైట్ల ముచ్చట పట్టుకొచ్చారు. ఇంటర్నెట్‌లో ప్రతి సబ్జెక్టుకూ ఒక సైటు. నోట్సు అందులోనే, హోమ్‌వర్కు అందులోనే, టెస్టులూ అందులోనే. టెస్టు చెప్పిన వేళకు తనంతట తానే తెరుచుకుంటుంది, వేళ కాగానే తనంతట తానే మూసుకుంటుంది. మార్కులు వెంటనే పట్టీలోకి వెళ్లిపోతాయి. అన్నిటికంటే ఆయనకు నచ్చింది ఇంకోటి. సెమిస్టర్ అయిపోయాక మళ్లీ మొదటి నుంచి కట్టుకోనక్కర్లేదు. పాత సైటును కాపీ చేసి, కొత్త సెమిస్టర్ ఏ రోజు మొదలవుతుందో చెబితే చాలు, తారీఖులన్నీ వాటంతటవే ముందుకు జరుగుతాయి.

"ఒకసారి వండితే ఐదేళ్లు తినొచ్చు," అన్నారు ప్రిన్సిపాల్ గారు మీటింగులో.

"పాసిపోదా మరి?" అని టైపు సార్ వెనక వరసలో నా చెవిన పడేంత మెల్లగా అన్నారు. నేను నవ్వాపుకోలేక దగ్గు నటించాను.

ఆ మొదటి ఏడాది సైట్లన్నీ ఆయనే కట్టారు. సెమిస్టర్ మారినప్పుడు కాపీ చేసే పనీ ఆయనదే. లెక్చరర్లంతా "చేసేయండి సార్, రెండు నిమిషాల పని" అనేవారు. ఆయనకు పది రోజులు పట్టేది. పాత తారీఖులన్నీ కాగితం మీద అచ్చు తీసుకుని, టోపీ అంచున పెన్సిల్ దోపుకుని, తరగతి తరగతికీ వచ్చి నిలబడేవారు. "పిల్లలూ, ఈ రోజుల్ల ఎవరికి ఏ రోజు పడదో చెప్పుండ్రి. సిగ్గు పడొద్దు," అనేవారు. ఒకడు అక్క పెళ్లనేవాడు. ఒకతె మా గల్లీలో నీళ్ల ట్యాంకరు గురువారం వస్తుంది, నేనే పట్టాలి అనేది. ఇంకొకతె ఆ సోమవారం మా దగ్గర బోనాల ఘటం ఊరేగింపు, ఇంటి దాకా బస్సులు రావు అనేది. అన్నీ పెన్సిల్‌తో రాసుకునేవారు. ల్యాబ్ గోడకు ఆయనవి రెండు క్యాలెండర్లు ఉండేవి, ఒకటి తిథులతో తెలుగుది, ఇంకొకటి ఉర్దూది. రెంటి మధ్యా నిలబడి ఒక్కో తారీఖునూ అటూ ఇటూ సరిచూసేవారు. ఆ తర్వాత సాయంత్రం పూట బార్కస్‌లో, చౌరస్తాలో ఉన్న నెట్ సెంటర్లకు వెళ్లి ఎన్నింటికి తెరుస్తారో, ఎన్నింటికి మూస్తారో కనుక్కునేవారు. మా పిల్లల్లో ఇంట్లో కంప్యూటర్ ఉన్నవాళ్లు అప్పట్లో వేళ్ల మీద లెక్క. చివరికి కరెంటు ఎప్పుడు పోతుందో అడగకుండా లైన్‌మన్‌ను కూడా వదిలేవారు కాదు.

ఈ తతంగమంతా చూసి నాకు ఒళ్లు మండేది. నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. అప్పుడు వయసు కూడా చిన్నది. మా నాన్నగారి ఉద్యోగం వల్ల కాకినాడ నుంచి మలక్‌పేటకు వచ్చి స్థిరపడిన ఇల్లు మాది. వేళకు పని, వేళకు భోజనం, అనుకున్నది అనుకున్నట్టు. రెండు నిమిషాల పనికి పది రోజులేమిటని రెండో ఏడు నా సబ్జెక్టు సైటు నేనే కాపీ చేసుకున్నాను. జూలైలో ఒక మధ్యాహ్నం, కొత్త తారీఖు ఇచ్చాను, ఒక్క నొక్కు. అన్నీ జరిగిపోయాయి. నా తెలివికి నేనే మురిసిపోయాను.

టైపు సార్ తలుపు దగ్గర నిలబడి చూస్తున్నారు. "మేడమ్, క్యాలెండర్ చూసిన్రా?" అన్నారు.

"సైటే మారుస్తుంది సార్. దానికన్నీ తెలుసు."

"చంద్రుని లెక్క దానికి తెల్వది గద మేడమ్."

"చంద్రుడితో మనకేం పని సార్, స్టాటిస్టిక్స్‌కి," అన్నాను. ఆయన నవ్వారు. నా తెలివి తెల్లారినట్టే ఉందని నాకు తెలియడానికి రెండు నెలలు పట్టింది.

నా మొదటి టెస్టు సెప్టెంబరులో, గురువారం సాయంత్రం ఆరు నుంచి ఏడు. అది నేను కనిపెట్టిన వేళ కాదు, అంతకు ముందు ఏడు టైపు సార్ పిల్లల్ని అడిగి పెట్టిందే. కాలేజీ నుంచి ఇల్లు చేరి, ఇంత తిని, దగ్గరలోని నెట్ సెంటర్‌కు వెళ్లేసరికి ఆరవుతుంది కాబట్టి అందరికీ కుదిరింది. ఆ ఏడు ఒక్కరు కూడా తప్పలేదు. అంత మంచి వేళను మార్చడమెందుకని నేనూ అలాగే ఉంచాను. కానీ రంజాన్ నెల ఏటా పది పదకొండు రోజులు ముందే వచ్చేస్తుంది. మొదటి ఏడు ఆ టెస్టు రంజాన్‌కు ముందే అయిపోయింది. ఈ ఏడు సరిగ్గా ఉపవాసాల మధ్యలో పడింది. ఆరూ పావుకు ఉపవాసం విడుస్తారు. ఆ వేళకు అందరూ ఇంట్లో ఉంటారు. ఆ చుట్టుపక్కల నెట్ సెంటర్లన్నీ ఆరు కాకముందే షట్టర్లు దించి ఏడున్నరకు గానీ తెరవవు.

రంజాన్ నెల నడుస్తోందని నాకు తెలియక కాదు. రోజూ ఆ బజారులోంచే వచ్చిపోతున్నాను. కానీ సైటులో తారీఖులు జూలైలో మార్చేసి, మళ్లీ వాటి మొహం చూడలేదు. గురువారం సాయంత్రం ఆరింటికి నేను మలక్‌పేటలో మా ఇంట్లో కూర్చుని పకోడీలు తింటున్నాను. శుక్రవారం పొద్దున మార్కుల పట్టీ తెరిస్తే యాభై ఎనిమిది మందిలో ముప్పై ఒక్కరికి సున్నాలు. రాసినవాళ్లంతా వేరే బస్తీల నుంచి వచ్చేవాళ్లే.

ప్రిన్సిపాల్ గారు కూడా ఆ పట్టీ చూశారు. "ఏంటండీ ఇది?" అన్నారు. నా కాంట్రాక్టు ఆ నెలాఖరుకు పొడిగించాల్సి ఉంది. నా నోట్లోంచి వచ్చిన మాట ఇది: "పిల్లలు సీరియస్‌గా లేరు సార్. టైమ్‌కి లాగిన్ కాలేదు."

ఈ వాక్యం ఇక్కడ రాయడానికి కూడా నాకు సిగ్గుగానే ఉంది.

మధ్యాహ్నం క్లాసు అయ్యాక మొదటి బెంచీలో కూర్చునే అమ్మాయి నా వెనకే వరండాలోకి వచ్చింది. కామెర్లతో ఒక ఏడాది పోగొట్టుకున్న పిల్ల. ఈ సబ్జెక్టు రెండోసారి చదువుతోంది. ఇంటర్నల్ మార్కులు లేకపోతే పరీక్షకు కూర్చోనివ్వరు, అంటే ఇంకో ఏడాది పోతుంది. గొంతు పెంచలేదు. "మేడమ్, ఆ టైముకు నేను ఇంట్ల అందరికి ఇఫ్తార్ పెడుతుంటి. మా అమ్మకు చాతకాదు. టెస్టు అప్పుడెందుకు పెట్టిన్రు? మేం సైటుల రాసినం గద, టైము మార్చుమని," అంది.

సైటులో సందేహాలు రాసుకునే పేజీ ఒకటుంది. నేను దాన్ని నెల రోజులుగా తెరవలేదు. తెరిచి చూశాను. మూడు ఉన్నాయి. మూడింటిలోనూ 'ప్లీజ్ మేడమ్' అని ఉంది. వారం రోజుల కిందటివి.

ల్యాబ్‌కు వెళ్లాను. టైపు సార్‌కు అప్పటికే తెలుసు, కాలేజీ అంతా తెలుసు. తిడతారేమో అనుకున్నాను, తిడితే బాగుండేది. కుర్చీ లాగి కూర్చోమన్నారు. ఉర్దూ క్యాలెండర్‌లో ఆ గురువారం మీద వేలు పెట్టి, "ఇది పోయినేడు నేను పెట్టిన టైమే మేడమ్. పోయినేటి పిల్లలకు," అన్నారు.

శనివారం మీటింగు. ఇంటర్నల్ మార్కుల జాబితా ఇంకో వారానికి యూనివర్సిటీకి పోవాలి. నేను చెప్పాలనే అనుకుని వెళ్లాను. రాత్రంతా వాక్యాలు కూర్చుకున్నాను కూడా. కానీ ప్రిన్సిపాల్ గారు అప్పటికే ఒక కాగితం చేతిలో పట్టుకుని ఉన్నారు. అక్షరం వంకర లేకుండా కొట్టిన కాగితం. ల్యాబ్ వైపు నుంచి జరిగిన పొరపాటు వల్ల టెస్టు వేళ తప్పుగా పడిందనీ, విద్యార్థుల తప్పు ఏమీ లేదనీ, మళ్లీ టెస్టు పెట్టడానికి అనుమతి ఇప్పించాలనీ అందులో ఉంది. కింద టైపు సార్ సంతకం.

"ఇది మీ టైపు మిషన్ కాదు సార్, ఇష్టమొచ్చినట్టు కొట్టుకోవడానికి," అన్నారు ప్రిన్సిపాల్ గారు, అందరి ముందూ. "ముప్పై మంది పిల్లల భవిష్యత్తు. సరే, రీటెస్టు పెట్టండి. ఇంకోసారి ఇలా జరిగితే ల్యాబ్‌కు వేరే మనిషిని చూసుకుంటాం."

టైపు సార్ నిలబడి, "తప్పే సార్," అన్నారు. టోపీ తీసి, నుదురు తుడుచుకుని, మళ్లీ పెట్టుకున్నారు. నేను తేలు కుట్టిన దొంగలా కూర్చున్నాను. నోరు తెరవడానికి మీటింగు మొత్తం ఉంది. తెరవలేదు.

బయటికి వచ్చాక ఆయన నాతో అన్నది ఒక్కటే. "రీటెస్టు ఎప్పుడు పెడదమో పిల్లల్ని అడిగి చెప్పుండ్రి మేడమ్. ఈసారి మీరే అడగుండ్రి."

సోమవారం తరగతిలో అడిగాను. ఆయన ఎన్నిసార్లు నిలబడ్డారో ఆ చోటే నిలబడి, మొదటిసారి అడిగాను. ఒకటే లొల్లి. మధ్యాహ్నం వద్దు, తల తిరుగుతుంది. సాయంత్రం వద్దు, ఇంట్లో పని. ఆఖరికి ఆ మొదటి బెంచీ అమ్మాయే, "పొద్దున మంచిది మేడమ్. తెల్లారకముందు సహరీ తిని నమాజైనంక తల తేటగుంటది. ఆరున్నరకు పెట్టుండ్రి," అంది. శుక్రవారం పొద్దున ఆరున్నర అని బోర్డు మీద రాశాను. వెనక నుంచి ఒక కుర్రాడు, "ఈసారన్న టైపు సార్ పరేషాన్ చేయడు గద మేడమ్? ఏంది మల్ల, గంత సీనియర్ మనిషి!" అన్నాడు. క్లాసంతా నవ్వింది.

సుద్దముక్క ఇంకా నా చేతిలోనే ఉంది. "తప్పు ఆయనది కాదు," అన్నాను. "నాది. తారీఖులు నేను చూడలేదు. మీరు రాసినవి కూడా నేను చదవలేదు. సార్ నా కోసం తన మీద వేసుకున్నారు."

నవ్వు ఆగిపోయింది. అప్పుడా అమ్మాయే, "సరే మేడమ్. శుక్రవారం మాత్రం మర్చిపోకుండ్రి," అంది. మళ్లీ నవ్వారు, ఈసారి నా మీద. ఆ నవ్వు నాకు బాగానే అనిపించింది.

అక్కణ్నుంచి నేరుగా ప్రిన్సిపాల్ గారి గదికి వెళ్లి అదే మాట చెప్పాను. "మరి ఆయనెందుకు రాసిచ్చాడు?" అన్నారు. నా కాంట్రాక్టు సంగతి తర్వాత చూద్దామన్నారు. రెండు నెలల తర్వాత పొడిగించారు. టైపు సార్‌ను పిలిచి ఒక మంచి మాట మాత్రం అనలేదు. అది నాకు ఇప్పటికీ కష్టంగానే ఉంటుంది.

సాయంత్రం ల్యాబ్‌కు వెళ్లి, ఎందుకలా చేశారు సార్ అని అడిగాను. మానిటర్లకు తొడుగులు వేస్తూ జవాబు చెప్పారు. "మీరు చెప్తరని నాకు ఎరుకే మేడమ్. గని ఆ మార్కుల లిస్టుకు ఎరుక లేదు గద. అది మీ కోసం ఆగదు." ఇంకో తొడుగు అందుకుని, "టైపుల తప్పొస్తే కొందరు రబ్బరు పెట్టి రుద్దుతరు. కాయితం చినుగుతది. నేను రుద్దనియ్య. దాని మీద అడ్డం కొట్టు, పక్కన మంచిది కొట్టు. చూసెటోళ్లు చూడనీ, ఫికర్ వద్దు," అన్నారు. అంతకంటే పెద్ద మాటలు ఆయన ఎప్పుడూ మాట్లాడలేదు.

శుక్రవారం మొదటి బస్సు పట్టుకుని వచ్చాను. ఆరు దాటింది, రోడ్డు ఇంకా చల్లగా ఉంది. బార్కస్ వైపు నుంచి పిల్లలు ఇద్దరిద్దరుగా, ముగ్గురు ముగ్గురుగా నడిచి వస్తున్నారు. కొందరి కళ్లల్లో నిద్ర, కొందరి చేతుల్లో ఆఖరి నిమిషపు నోట్సు. టైపు సార్ అందరికంటే ముందే వచ్చి, కంప్యూటర్లన్నీ తెరిచి, తలుపు పక్కన స్టూలు వేసుకుని కూర్చున్నారు. ముప్పై ఒక్కరూ వచ్చారు. నేను రెండుసార్లు లెక్కపెట్టాను. ఆ గంట కరెంటు పోలేదు. అది కూడా ఆయన లైన్‌మన్‌ను బతిమాలి పెట్టుకున్నదే. మొదటి బెంచీ అమ్మాయి అందరికంటే ఆఖరున లేచింది. మార్కులు తెర మీద పడగానే ఇటు తిరిగి, "సార్, పద్దెనిమిది!" అని కేక వేసింది. నాకు కాదు, ఆయనకు చెప్పింది. "ఇరవైకి గద? ఆ రెండు ఏడ పోయినయి?" అని ఆయన గదిమారు. కళ్లు మాత్రం మెరుస్తున్నాయి.

ఆ పిల్ల పరీక్ష రాసింది, పాసయింది, డిగ్రీ చేతికి తీసుకుంది. షుగర్ ముదిరి చూపు తగ్గి టైపు సార్ పని మానేసినప్పుడు, ఆయన పట్టుబట్టి ఆ ల్యాబ్‌ను ఆమె చేతికే ఇప్పించారు. మొన్నటి బ్యాచి పిల్లలు ఆమెను ల్యాబ్ మేడమ్ అంటారు. ఆ మాట విన్నప్పుడల్లా నాకు ముప్పై ఒక్క సున్నాలు గుర్తుకొస్తాయి. గుర్తుకు రావడం మంచిదే.

ఆ తర్వాత ఏ సెమిస్టర్‌లోనూ నేను ఒక్క నొక్కుతో పని కానివ్వలేదు. నాకూ పది రోజులు పడుతుంది ఇప్పుడు. కొత్తగా చేరిన కుర్ర లెక్చరర్లు నన్ను చూసి ఒళ్లు మండించుకుంటారని నాకు తెలుసు. తప్పులు ఇంకా చేస్తాను. ఒకసారి బక్రీద్ మర్నాడే హోమ్‌వర్కు పెట్టాను. టైపు సార్ ఇంటికి వెళ్లి తారీఖులు చదివి వినిపించినప్పుడు పట్టుకున్నారు. "మాంసం పంచుడు కానియ్యుండ్రి మేడమ్! ఇంటింటికి తిరిగినోడు మీ లెక్కలు ఏం చేస్తడు?" అన్నారు. వాళ్లావిడ లోపల నుంచి నవ్వడం వినిపించింది.

అది మాకు ఒక ఆనవాయితీ అయిపోయింది. ఆయన మానేశాక కూడా ప్రతి సెమిస్టర్ మొదట్లో నేను కాగితాలు పట్టుకుని బార్కస్ వెళ్లేదాన్ని. కనిపించకపోయినా కాగితం చేతిలోకి తీసుకుని, వేలితో లైను వెంట జరుపుతూ వినేవారు. వద్దంటున్నా చక్కెర వేసిన చాయ్ తాగేవారు, నా ముందైతే వాళ్లావిడ ఏమీ అనదని. కిందటి నెల వెళ్లినప్పుడు, సెలవుల్లోనే అన్ని తారీఖులూ పెట్టేశానని కాస్త గొప్పగానే చెప్పాను. "ఈసారి పిల్లలు ఎట్లున్నరు?" అన్నారు. ఇంకా చేరలేదు సార్ అన్నాను.

"చేరనియ్యుండ్రి మరి. వాళ్ల మొఖాలు చూసి పెట్టుండ్రి," అన్నారు. నేను పెట్టినవన్నీ తీసేశాను. నాతో ఆయన చివరిగా అన్న మాట అదే.

కబురు అందిన రోజు నేను బస్సు దిగి నేరుగా బార్కస్ వెళ్లలేకపోయాను. పదకొండింటికి నా తరగతికి ల్యాబ్‌లో టెస్టు ఉంది. ఆపకపోతే సైటు దానంతటదే తెరుచుకుంటుంది, పన్నెండుకు దానంతటదే మూసుకుంటుంది. జనాజాకు వెళ్లిన పిల్లలకు సున్నాలు పడతాయి. ఇంతకు ముందు చేసిన తప్పు మళ్లీ చెయ్యకూడదని ఫ్లైఓవర్ కింద నుంచి దాదాపు పరిగెత్తాను. గేటు దగ్గర వాచ్‌మన్, "లోపల ఎవ్వరు లేరు మేడమ్, అందరు పోయిన్రు," అన్నాడు. అయినా మెట్లెక్కాను.

ల్యాబ్‌లోకి చెప్పులతో ఎవరినీ రానివ్వరు. గుమ్మం ముందు ఎప్పుడూ చెప్పుల కుప్ప ఉంటుంది, దాటుకుని వెళ్లాలి. ఆ రోజు గచ్చు మీద ఒక్క జత కూడా లేదు. తలుపు బార్లా తీసి ఉంది. నలభై తెరలూ వెలుగుతున్నాయి, నలభై కుర్చీలూ వెనక్కి జరిపి ఉన్నాయి. అన్ని తెరల మీదా నా సబ్జెక్టు పేజీయే, ఇవాళ్టి టెస్టు పేజీ. తారీఖు మార్చినప్పుడు కారణం రాయడానికి అక్కడ ఒక పెట్టె ఉంటుంది. ఇన్నేళ్లలో దాన్ని ఎవరైనా నింపగా నేను చూడలేదు. అందులో ల్యాబ్ మేడమ్ తెలుగులో రాసింది:

"టైపు సార్ ఇక లేరు. అందరం బార్కస్ పోతున్నం. పిల్లలూ, టెస్టు మల్ల ఎప్పుడో మీరు తిరిగొచ్చినంక మిమ్మల్ని అడిగి పెడుతం."

కొత్త తారీఖు గడి ఖాళీగా ఉంది. గుమ్మం దగ్గరే నిలబడి, చదవగలిగినన్ని తెరల మీద చదివాను. నేను కూడా చెప్పులు విప్పకుండానే బార్కస్ వైపు బయల్దేరాను.